ఒకటి బయల్దేరినాది సావుకారమ్మా

ఆ మనిషి పోయాడన్న కబురు చెవిన పడగానే నేను పకపకా నవ్వాను. నవ్వి ఊరుకున్నానా అంటే అదీ లేదు. ఎదురు కొట్లోంచి అరకేజీ జిలేబీ తెప్పించి అటు రెండు షాపులకీ ఇటు రెండు షాపులకీ పంచిపెట్టాను. గిట్టనివాళ్లు కల్పించిన మాట కాదిది. అరకు బజార్లో ఆ పూట ఉన్నవాళ్లంతా కళ్లారా చూశారు. ఇన్నేళ్లయినా పెళ్లిళ్లలో విస్తట్లో జిలేబీ వేస్తే నేను ముట్టను. షుగరా అని అడుగుతారు. అవునంటాను.

ఎందుకు నవ్వానో చెప్పాలంటే ఆయన సంగతి చెప్పాలి. ఏ ఏడు పుట్టాడు, ఏం చదివాడు అంటే నా దగ్గర ఏమీ లేదు. వయసెంతని అడిగితే "సర్కారోళ్లు కాపీ మొక్కలేసినప్పుడు నాను మేకల కాసీవోడిని, నువ్వే లెక్కెట్టుకో" అనేవాడు. పొట్టి మనిషి. అందరూ చెవి వెనక బీడీ పెట్టుకునే చోట ఆయన టెస్టర్ పెట్టుకునేవాడు. ఊళ్లో ఇళ్లకి వైరింగు చేసేవాడు కనక బజారంతా కరెంటాయనా అని పిలిచేది. ఆయన మాత్రం అందరినీ నువ్వు అనేవాడు. కొండవాళ్ల మాటలో మీరు లేదు. బ్యాంకు మేనేజరైనా నువ్వే, పంతులుగారైనా నువ్వే, మా మావగారైనా నువ్వే. మా ఆయనకి మొదట్లో అది గుచ్చుకునేది. నాకు మాత్రం మొదటిరోజు నుంచీ నచ్చింది. కొత్త కోడలినని అందరూ తలో వైపు నుంచి సర్దుకుని మాట్లాడుతున్న రోజుల్లో, నన్ను మామూలు మనిషిని పిలిచినట్టు పిలిచిన గొంతు అదొక్కటే.

నేను తొంభైల మొదట్లో పెళ్లయి విజయనగరం నుంచి ఈ కొండల్లోకొచ్చాను. మాది కింద నుంచి వచ్చి కొట్టు పెట్టుకున్న కుటుంబం. మా మావగారి కాలంలో కిరసనాయిలూ ఉప్పూ అమ్మేవారు. మా ఆయన వచ్చాక వైర్లు, బల్బులు, స్విచ్చులు. మధ్యాహ్నం పూట ఆయన కునుకు తీస్తే కౌంటరు మీద నేనుండేదాన్ని. నాకో జబ్బుంది, నవ్వు. ఆపుకోలేను, చప్పుడూ తగ్గించుకోలేను. "మా కోడలు నవ్విందంటే సంతలో మేకలు తాళ్లు తెంపుకుంటాయి" అని మా అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెప్పేది. మందలించడానికే చెప్పేదనుకోండి, నేను దానికీ నవ్వేదాన్ని.

ఓ వానాకాలం సాయంత్రం కరెంటు పోయింది. కరెంటాయన అప్పుడు కౌంటరు ముందు నిలబడి టార్చిలైటులో కొత్త సెల్లులు వేసుకుంటున్నాడు. నేను గల్లాపెట్టె పక్కన దేవుడి దగ్గర ప్రమిద వెలిగించాను. గాలికి ఆరిపోయింది. మా ఆయనతో, "దీపం కొండెక్కింది, ఆ అగ్గిపెట్టె ఇలా అందివ్వండి" అన్నాను.

మా వైపు దీపం ఆరిపోయింది అని నోటితో అనరు. అశుభం. కొండెక్కింది అంటారు. పుట్టిబుద్ధెరిగిన దగ్గర్నుంచీ అంటున్న మాట. అది ఏ కొండో, ఎందుకెక్కుతుందో నేనొక్కనాడూ ఆలోచించిన పాపాన పోలేదు.

ఆయన సెల్లు చేతిలో పట్టుకుని అలాగే ఆగిపోయాడు.

"ఏ కొండ?"

"ఏటయ్యా?"

"ఏ కొండెక్కినాది సావుకారమ్మా? మా కొండేటి?"

వేళాకోళం కాదు. మొహం పాలిపోయింది. వాళ్ల ఊరు రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి మూడు గంటల నడక. ఆ నెలలోనే ఎవరో ఆఫీసువాళ్లు వచ్చి కరెంటు లైను వేస్తామని అక్కడ బండల మీద సున్నం గుర్తులు పెట్టి వెళ్లారట. నేను ఆ మాట అనగానే నిజంగానే వాళ్ల ఊరికి దీపాలొచ్చేశాయనుకున్నాడు. అప్పటికే ఓ కాలు మెట్టు దిగి ఉంది, పరిగెత్తడానికి.

నాకిక నవ్వు ఆగలేదు. గల్లాపెట్టె పట్టుకుని వంగిపోయాను. మా ఆయన, "ఊరుకోవే, పాపం" అంటూనే ఉన్నాడు. చివరికి కళ్లు తుడుచుకుని, అది ఆరిపోయిందని చెప్పడమయ్యా, మా కాడ అలా అంటాం అని విడమరిచి చెప్పాను. ఆయన నవ్వలేదు, కోపమూ తెచ్చుకోలేదు. సెల్లు టార్చిలో వేసి మూత బిగించాడు.

"అయితే కింద ఆరిపోయినవన్నీ మా కాడికొత్తన్నాయన్నమాట."

"అలాగే అనుకో."

"మరి ఒక్కటీ రానేదే. దారిలో ఎవలో ఆపేత్తన్నారు."

ఆ మాటకి మా ఆయన కూడా నవ్వాడు. అప్పుడు చూశాను, ఆయన పెదవి చివర కూడా ఓ సన్న నవ్వుంది. ఆ రోజు నుంచి అదొక ఆటయిపోయింది. బజార్లో ఎప్పుడు కరెంటు పోయినా, ఆయన ఏ ఇంటి గోడ మీదున్నా, వీధిలోంచి వెళ్తూ మా కొట్లోకి తొంగిచూసి, "ఒకటి బయల్దేరినాది సావుకారమ్మా" అనేవాడు. అరకులో కరెంటు రోజుకెన్నిసార్లు పోయేదో మీకు తెలీదు. అన్నిసార్లూ నవ్వాను.

ఓసారి నేనే అన్నాను, "నిజంగా కొండెక్కిననాడు నాకు కబురంపు, బజారంతా మిఠాయి పంచుతాను" అని.

"అంపుతాను. ఇదే మాట అంపుతాను. నువ్వు నవ్వాల మరి" అన్నాడు.

సున్నం గుర్తులు రెండు వానలకి కొట్టుకుపోయాయి. లైను రాలేదు. అసలు చిత్రం ఏంటంటే పెద్ద కరెంటు తీగలు వాళ్ల కొండ మీంచే వెళ్తాయి, ఇనప టవర్ల మీద, కింద ఊళ్లకి. "మేం మేకల్తో కింద నిలబడితే గుయ్యిమంటాది. ఎల్తాది, ఎల్తాది, దిగదు" అనేవాడు. ఆ టవర్లు నిలబెట్టేటప్పుడు ఇనుము మోసినవాళ్లలో తనూ ఉన్నాడట. మేస్త్రీల వెంట తిరిగి పని అక్కడే నేర్చుకున్నాడు. ఊరందరి ఇళ్లలో దీపాలు పెట్టినవాడి ఇంట్లో కిరసనాయిలు బుడ్డి. అది తలుచుకుంటే నాకే ఉక్రోషం వచ్చేది. ఆయనకి రాదు. ఓ ఏడు సంత రోజున వచ్చి రెండు స్విచ్చులూ ఒక చెక్కపెట్టె కొనుక్కున్నాడు. ఎవరింటికని అడిగితే మా ఇంటికన్నాడు. కరెంటు లేని ఇంటికి స్విచ్చులెందుకయ్యా అన్నాను.

"గోడకి అలవాటవ్వాల గదేటి" అన్నాడు.

పనిలో ఆయన పద్ధతులు వేరు. ఏ ఇంటికెళ్లినా చెప్పులు వాకిట్లో విడిచి, వట్టి కాళ్లతో నిచ్చెనెక్కేవాడు. కరెంటు పనికి చెప్పులుండాలయ్యా అని నేను అరిచేదాన్ని. "సెప్పుల్తో ఇంట్లోకెలగొత్తాను" అనేవాడు. తీగలో కరెంటుందో లేదో ముందు చెవి ఒగ్గి వినేవాడు, తర్వాతే టెస్టర్. ఉంటే "ఉన్నాది" అనేవాడు, లేకపోతే "ఎక్కడికో ఎల్లినాది" అనేవాడు. పనయ్యాక మొదటి స్విచ్చి ఎప్పుడూ తను వెయ్యడు. ఆ ఇంటి పెద్ద ఆడమనిషి వచ్చి నొక్కాలి. పిల్లలు ఎగబడినా ఊరుకోడు. ఆవిడ వంటింట్లో ఉంటే వచ్చేదాకా కూర్చునేవాడు. బల్బు వెలిగాక టీ గ్లాసు పట్టుకుని దాని కింద చతికిలబడి, చల్లారిపోయేదాకా అలాగే చూసేవాడు. వందో ఇల్లయినా అంతే.

ఓసారి మా ఫ్రిజ్జు తలుపు పట్టుకుంటే భుజం దాకా జివ్వుమంది. కెవ్వుమని కేకేసి కూలబడ్డాను. ఆయన వచ్చి చూసి, ఎర్తు వైరు ఊడిపోయిందని బిగించాడు. కరెంటు కొట్టింది బాబోయ్ అని నేను రోజంతా చెప్పుకుంటుంటే తల అడ్డంగా ఊపాడు.

"అది కొట్టనేదు. పలకరించినాది. కొడితే నువ్వు సెప్పుకోడానికుండవు."

పదహారేళ్లు ఇలాగే గడిచాయి. రెండు వేల తొమ్మిదో ఏమో, మేం కొట్టు పైన కొత్త గది వేసుకున్నాం. మా ఆయనకి విశాఖపట్నంలో ఎవరింట్లోనో చూసిన పిచ్చి పట్టింది. పైకప్పు కింద ఓ గోడ అంచులో బల్బులు కనపడకుండా వెలుగు మాత్రం పడాలి. రీలు ఒకటి తెచ్చాడు. రిబ్బను లాంటి పట్టీ, దాని మీద ఆవగింజలంత బల్బులు, వెనక జిగురు. అయిదు మీటర్లు. ఎల్‌ఈడీ స్ట్రిప్పు అన్నాడు. అప్పటికి మా బజార్లో ఎవరూ చూళ్లేదు.

కరెంటాయన ఆ రీలు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఇదేటి, జడకి కట్టుకునేదా?" అన్నాడు. ఎక్కడ పడితే అక్కడ కొయ్యకూడదనీ, ప్రతి మూడు బల్బులకీ కత్తెర గుర్తుంటుందనీ, అక్కడే కొయ్యాలనీ మా ఆయన చదివి వినిపించాడు. కోసినా రెండు ముక్కలూ వెలుగుతాయంటే నమ్మలేదు. పాము ముక్కలు రెండూ బతుకుతాయా అన్నాడు. అయినా పని మాత్రం ముచ్చటగా చేశాడు. అంచు తుడిచి, జిగురు కాగితం కొంచెం కొంచెం ఊడదీస్తూ, బొటనవేలితో నొక్కుకుంటూ గోడ ఆ చివరిదాకా వెళ్లాడు. నాలుగు మీటర్లకి గోడ సరిపోయింది. మీటరు మిగిలింది.

తీరా వెలిగిద్దామంటే రీలుతో పాటిచ్చిన చిన్న నల్లపెట్టె పని చెయ్యలేదు. మా ఊరి ఓల్టేజీ దెబ్బకి అంటించగానే చిటచిటమని వాసనొచ్చి చచ్చింది. మా ఆయన విశాఖపట్నం షాపుకి ఫోను చేశాడు. ఆ షాపతను, "పెట్టె మళ్లీ పంపిస్తానండీ, ఈలోగా పట్టీ బాగుందో లేదో చూసుకోవాలంటే బండి బ్యాటరీకి తగిలించి చూడండి, అది పన్నెండు ఓల్టులే" అన్నాడట.

కొట్టు ముందు జీపు ఉంది. కొండ ఊళ్ల రోడ్డు చివరిదాకా జనాన్ని చేరవేసే జీపు. డ్రైవరు కింద శృంగవరపుకోట వైపువాడు, మాకు ఇరవై ఏళ్లుగా తెలిసినవాడు. బ్యాటరీ విప్పి తెమ్మంటే తెచ్చి మేడ మీద పెట్టాడు. కరెంటాయన మిగిలిన మీటరు ముక్క తీసుకుని, దానికి రెండు వైర్లు అతికి బ్యాటరీకి తగిలించాడు. వెలగలేదు. తిప్పి తగిలించాడు.

తెల్లగా వెలిగింది. పట్టపగలు కళ్లు చెదిరాయి.

మేం ముగ్గురం బాగుంది బాగుంది అంటున్నాం. ఆయన దగ్గరికి జరిగాడు. ముందు వెలుగుతున్న పట్టీని వేలితో తాకాడు. తర్వాత అరచేత్తో పట్టుకున్నాడు. తర్వాత, నేను వద్దని కేకేసేలోపు, వైరు మొన నాలిక మీద పెట్టుకున్నాడు.

"ఇది కొట్టదేటి?"

"కొట్టదయ్యా, బ్యాటరీ కదా" అన్నాడు మా ఆయన.

"లైను అక్కర్నేదా? స్తంబాలు?"

"బ్యాటరీ ఉంటే చాలు."

ఆయన గోడకి జారగిలబడి, అలాగే నేల మీద కూర్చుండిపోయాడు. ఆ మొహం నేను మర్చిపోలేను. ఎవరో చెంప మీద కొడితే నొప్పి ఇంకా తెలియని మొహం. వాళ్ల కొండ మీదకి కరెంటు రావాలంటే స్తంభాలు రావాలి, అడవిలో చెట్లు నరకాలి, ఆఫీసువాళ్లు సంతకాలు పెట్టాలి అని జీవితమంతా అనుకున్న మనిషి. భుజాన వేసుకుని నడిచి వెళ్లిపోయేంత దీపం ఒకటుందని ఆ క్షణాన తెలిసింది.

"ఈ తోక ఏటి సేత్తావు?" అని అడిగాడు, మిగిలిన ముక్క చూపించి.

"నీకే" అన్నాను.

"మా ఆడదానికి ఓపాలి సూపించాల. పెళ్లయిన కాడ్నుంచీ ఇంట్లో దీపమెడతానని సెప్తన్నాను. అది అడగడం కూడా మానేసినాది."

జీపు డ్రైవరు పాత బ్యాటరీ ఒకటి, బండి లాగలేనిది, పారెయ్యబోతున్నది తెచ్చిచ్చాడు. దీనికి ఇది చాలు, పది రోజులొస్తుందన్నాడు. మర్నాడే ఆయన కావిడి కట్టాడు. ఒక వైపు బ్యాటరీ, ఇంకో వైపు బియ్యం. పట్టీని మెడలో దండలా వేసుకున్నాడు. ఆయన దగ్గుతున్నట్టనిపించి, "ఏటయ్యా, ఒంట్లో బాగోలేదా" అన్నాను. కాస్త జొరం, ఎల్తే తగ్గిపోతాదన్నాడు. మాత్ర ఇస్తానన్నా ఆగలేదు. వచ్చే సంతకి వచ్చి చెప్తానన్నాడు.

సంత వచ్చింది. ఆయన రాలేదు. కొత్త దీపం మోజులో ఉన్నాడని మేం నవ్వుకున్నాం.

సంత మర్నాడు పొద్దున్న కొట్టు తెరిచి, గల్లాపెట్టెకి పసుపు రాసి అగరొత్తి వెలిగిస్తున్నాను. ఇంకా బోణీ కాలేదు. జీపు డ్రైవరు వచ్చి మెట్టు కింద నిలబడ్డాడు. తువ్వాలు చేతిలో నలుపుతున్నాడు. నేను చూళ్లేదు, తర్వాత గుర్తొచ్చింది.

"సావుకారమ్మ గారూ, పైనుంచి కబురొచ్చిందండి."

"ఏటంట?"

"దీపం కొండెక్కిందని మీకు సెప్పమన్నారండి."

అప్పుడే నేను నవ్వింది. రెండు చేతులూ చరిచి నవ్వాను. అగరొత్తి కింద పడింది. "ఏవండీ, కొండెక్కిందంట, నిజంగా కొండెక్కిందంట" అని లోపలున్న మా ఆయన్ని కేకేశాను. ఆయనా నవ్వుతూ వచ్చాడు. ఎదురు కొట్టువాడు అప్పుడే మొదటి వాయి జిలేబీ తీస్తున్నాడు. తెప్పించాను, పంచాను. ఏంటి విశేషం అని అడిగినవాళ్లకి, మా కరెంటాయన ఇంట్లో దీపం వెలిగింది అని చెప్పాను. ఓ జిలేబీ నా నోట్లో వేసుకుని, ఇంకోటి డ్రైవరు చేతిలో పెట్టాను.

అతను దాన్ని అలాగే పట్టుకుని నిలబడ్డాడు. పాకం వేళ్ల మీంచి కారుతోంది.

"అమ్మా" అన్నాడు. "ఆ మనిషి పోయాడండి. మెదడుకి జొరమెక్కిందంట. డోలీ కట్టేలోపే పోయాడంట. బోణీ వేళ సావు మాట నోటితో అనకూడదని, నేను..."

నోట్లో జిలేబీ ఉంది. మింగాలో ఉమ్మాలో తెలియలేదు. చెవుల్లో గుయ్యిమంది. కాళ్ల కింద నేల ఉందని తెలుస్తోంది, దాని మీద నేను నిలబడ్డానని తెలియడం లేదు. పలకరించడం కాదు, ఈసారి కొట్టింది. పక్క షాపులవాళ్లు జిలేబీలు చేతుల్లో పట్టుకుని నా వంక చూస్తున్నారు. మా ఆయన నవ్వు ఇంకా పూర్తిగా ఆగలేదు, మొహం మీద సగంలో నిలిచిపోయింది.

తప్పు డ్రైవరుది కాదు. కిందవాడు కనక మన మర్యాద ప్రకారం మెత్తగా చెప్పాడు. తప్పు నాది కూడా కాదని మా ఆయన పదిసార్లు చెప్పాడు. తెలియక నవ్వావు, దానికేం అన్నాడు. దానికేమో నాకు తెలుసు. చావు కబురు విని నవ్విన ఆడది అనే పేరు బజార్లో మిగిలితే నేను మోస్తాను. కానీ జీపు రోజూ కొండ చివరిదాకా వెళ్తుంది. జీపులో జనం ఉంటారు, జనానికి నోళ్లుంటాయి. మూడో రోజుకే డ్రైవరు వచ్చి, తను అనలేదనీ, ఎవరో అన్నారనీ, ఊళ్లో తెలిసిపోయిందనీ నీళ్లు నమిలాడు. ఆయన భార్య విందా అని అడిగాను. నిజమేనా అని మనిషిని పంపి తననే అడిగించిందనీ, అబద్ధమాడలేకపోయాననీ అన్నాడు.

పదహారేళ్ల స్నేహం ఆవిడ చెవిలో ఆ ఒక్క నవ్వుగా మిగిలిపోతుందా అని కుమిలిపోయాను. వెళ్లి కాళ్ల మీద పడితే తప్ప లాభం లేదనిపించింది. ఇన్నేళ్లలో నేను ఆ కొండ ఒక్కసారీ ఎక్కలేదు. ఆయన ఎన్నోసార్లు రమ్మన్నాడు. మోకాళ్ల నొప్పులనేదాన్ని, కొట్టు వదల్లేననేదాన్ని.

జీపు రోడ్డు చివర దింపింది. ఆ ఊరికే వెళ్తున్న ఇద్దరు ఆడవాళ్ల వెంట నడిచాను. కాఫీ తోటలు, మిరియాల తీగలు, తర్వాత వలిసె చేలు పసుపుపచ్చగా. ఆ ఇద్దరూ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. కోపమనుకున్నాను. టవర్ల కింద నుంచి వెళ్తుంటే తీగలు గుయ్యిమన్నాయి. నాకు అక్కడే ఏడుపు ముంచుకొచ్చింది, నోరు నొక్కుకున్నాను.

ఊరంటే పద్నాలుగు ఇళ్లు. ఆయన ఇల్లు చివరిది. అరుగు మీద ఆయన భార్య కూర్చుని ఉంది. సన్నటి మనిషి, ముక్కుకి మూడు కాడల్లాంటి పుడకలు. చుట్టూ నలుగురైదుగురు ముసలివాళ్లున్నారు. నన్ను చూసి ఎవరో చెప్పారు. ఆవిడ జరిగి చోటిచ్చింది.

"ఒచ్చినావా. కూకో."

కూర్చోలేదు. నేల మీద పడ్డట్టే కూలబడి, "తెలియక నవ్వానమ్మా, తప్పయిపోయింది, నువ్వేమన్నా పడతాను" అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. ఆవిడ నా వంక అర్థం కానట్టు చూసింది. తర్వాత లేచి, నా చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకెళ్లింది.

లోపల చీకటిగా ఉంది. పొయ్యి మీద దూలానికి, ఈ చివర నుంచి ఆ చివరికి, ఆ మీటరు పట్టీ. వంకర లేకుండా అంటించి ఉంది. జొరంతో ఒణుకుతూ ఎలా అంటించాడో.

"అయిదు రోజులెలిగినాది. నిన్న అయిపోనాది" అంది ఆవిడ. "నాతోటే నొక్కించినాడు. ఊరంతా ఒచ్చి సూసినారు. రెండో నాడు జొరం ఎక్కువైపోనాది. సాప ఇటు తిప్పమన్నాడు, దాన్ని సూత్తానికి. అప్పుడే మా తమ్ముడికి సెప్పినాడు. బేగెల్లి రోడ్డు కాడ జీపోడికి సెప్పు, దీపం కొండెక్కినాదని సావుకారమ్మకి సెప్పమను అని. ఆడు తెల్లారి దిగినాడు. ఆడు దిగినాక ఈడు పోనాడు. ఎనకాల ఇంకో మనిషిని అంపినాము. ఇద్దరూ ఒక్కపాలే జీపు కాడికెల్లినారంట."

నాకు వెంటనే బోధపడలేదు. మళ్లీ అడిగాను. మళ్లీ చెప్పింది. మొదటి మనిషి తెచ్చిన మాట ఆయనది. రెండో మనిషి తెచ్చిన మాట చావుది. డ్రైవరు రెండూ విని, రెండూ ఒకటే అనుకున్నాడు. కింద మా మాటలో దీపం కొండెక్కడం, మనిషి పోవడం ఒకటే మరి.

అంటే నేను నవ్వింది ఆయన పంపిన మాటకే.

ఆవిడ నా మొహంలోకి వంగి చూసింది.

"జీపోడు సెప్పినాడు నువ్వు నవ్వినావని. ఎంత నవ్వినావు?"

"ఏటమ్మా?"

"ప్రెతి సంత నుంచీ ఒచ్చి సెప్పీవోడు, ఈయేల సావుకారమ్మ ఇలగ నవ్వినాది, అలగ నవ్వినాదని. బజారు సివర దాకా ఇనబడతాదంట. అంత నవ్వినావా?"

"అంతే నవ్వానమ్మా. చేతులు చరిచి నవ్వాను."

ఆవిడ తల ఊపింది. బయటికి తిరిగి, అరుగు మీదున్న ముసలివాళ్లకి తమ భాషలో ఏదో చెప్పింది. వాళ్లలో వాళ్లు ఆ మాట ఒకరికొకరు అందించుకున్నారు. తెలుగు రాక దారంతా నాతో మాట్లాడని ఆడవాళ్లిద్దరూ కూడా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఆవిడ మళ్లీ నా వైపు తిరిగింది.

"నానెప్పుడూ కొండ దిగనేదు. ఇననేదు. ఓపాలి నవ్వు, ఇంటాను."

అందరూ నా వంక చూస్తున్నారు. నేను నోరు తెరిచాను. పుట్టినప్పటి నుంచీ ఎవరాపమన్నా ఆపుకోలేని నవ్వు, ఆ ఒక్కసారి, అడిగి ఇమ్మంటే, రాలేదు. గొంతులోంచి ఏదో వచ్చింది, వచ్చాక అది ఏడుపని తెలిసింది. మొహం కొంగులో దాచుకుని హోరున ఏడ్చాను.

ఆవిడ నా వీపు మీద చెయ్యి వేసింది.

"ఏడుపు మా కాడా ఉన్నాది సావుకారమ్మా" అంది. "అంత దూరం నుంచి మోసుకొచ్చినావేటి."